గుత్తి కేశవపిళ్లె: ఓటు లేని పల్లె తరఫున ఒక ప్లీడరు

ఓట్ల కాలం వచ్చిందంటే పల్లెల్లో జీపులు తిరుగుతాయి. కూలీల వాడలోకి కూడా దండాలు పెట్టుకుంటూ వస్తారు. ఇది ఎన్నో ఏండ్లుగా చూస్తున్నాం గనక, ఓటు అనేది గాలి లాగా నీళ్ల లాగా పుట్టుకతోనే వచ్చిందని మన పిల్లలు అనుకుంటున్నారు. కానీ మన అనంతపురం మెట్టలో నీళ్లు కూడా ఊరికే రావు గదా! ఓటూ అంతే.

ఈ జిల్లా ఎప్పుడు ఏర్పడింది? ఇక్కడ మొట్టమొదట ఓటు వేసినవాళ్లెవరు? వాళ్లు ఎవరి తరఫున వేశారు? ఈ ప్రశ్నలకు ఒక్క మనిషి జీవితం వెంట నడిస్తే చాలావరకు జవాబులు దొరుకుతాయి. ఆయనే గుత్తి కేశవపిళ్లె. పాతతరం కార్యకర్తలు ఈ పేరు వినే ఉంటారు. ఆయన కూలీ కాదు, సేద్యగాడూ కాదు, ప్లీడరు. తెల్లదొరల ప్రభుత్వం చేతి మీదుగా దివాన్ బహదూర్ బిరుదు అందుకున్న మనిషి. మరి ఆయన సంగతి రైతుకూలీలకు ఎందుకు చెప్పాలి? ఓటు లేనివాళ్ల తరఫున ఒక మంచి మనిషి ఎంత దూరం పోగలడో, ఎక్కడ ఆగిపోతాడో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. అందుకే చెబుతున్నాం.

కరువు తర్వాత గీసిన గీత

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అప్పటి నుంచి దత్తమండలాలు అన్నారు. మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతువారీ పద్ధతి పెట్టాడు. రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు ఉండడు, ఎవరి పట్టా శిస్తు వాళ్లే కట్టాలి. వినడానికి బాగానే ఉంది. కానీ వాన పడినా పడకున్నా శిస్తు రూకల్లో కట్టాల్సిందే. రెమిషను ఇవ్వడం దొర దయ. మెట్ట భూములు ఆ శిస్తు మోయలేవని, నూటికి ఇరవై అయిదు తగ్గించాలని 1807లో మన్రోనే రాశాడు. పైవాళ్లు వినలేదు.

ఏడాదికి యాభై అయిదు సెంటీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన మీద బతికే నేల ఇది. జొన్న, కొర్ర, సజ్జ పండితే సంగటి, లేకుంటే వలస. అలాంటి నేల మీదికి 1876లో మహాకరువు వచ్చింది. 1878 దాకా వదలలేదు. దాన్నే పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు మన తాలూకాలన్నీ బళ్లారి జిల్లా కింద ఉండేవి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ పోల్చి చూస్తే ఆ జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. చచ్చినవాళ్లు చచ్చారు, బతికినవాళ్లు లేచిపోయారు.

ఆ కరువులో రోడ్డు పనులకు, చెరువు పనులకు వచ్చిన కూలీల కూలి మీద కూడా సర్కారు కత్తెర వేసింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టి, మొగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొంచెం రొక్కం చాలన్నాడు. పౌను అంటే అర కిలోకు కూడా తక్కువ. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది! చాలా చోట్ల కూలీలు ఆ కూలికి పని చేయమని పారలు పడేసి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఓటు ఊసే లేని ఆ రోజుల్లో వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం పని మానడమొక్కటే.

కరువు పోయిన నాలుగేండ్లకు, 1882 జనవరిలో బళ్లారి జిల్లాను రెండుగా కోశారు. ఒక కలెక్టరు చూసుకోలేనంత పెద్ద జిల్లా గనక గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, మడకశిర, హిందూపురం లాంటి తాలూకాలతో అనంతపురం జిల్లా చేశారు. కదిరి 1910లో కడప నుంచి వచ్చి కలిసింది. గీత గీసేముందు జనాన్ని ఎవరూ అడగలేదు. కలెక్టరు కచేరీ దగ్గరైంది, అంతే. కానీ ఆ గీతే తర్వాత ఓట్ల గీత కూడా అయింది. అక్కడి నుంచే మన కథ.

గుత్తికి వచ్చిన ప్లీడరు

కేశవపిళ్లె 1860లో ఒక తమిళ కుటుంబంలో పుట్టాడు. గుత్తిలో ప్లీడరుగా స్థిరపడ్డాడు. చివరికి ఊరి పేరే ఆయన ఇంటి పేరయింది. కోర్టు ప్లీడరు దగ్గరికి ఎవరొస్తారు? శిస్తు బాకీకి ఆస్తి వేలం పడ్డ రైతు వస్తాడు. మేకలు అడవిలో మేశాయని కేసు పడ్డ గొర్లకాపరి వస్తాడు. వాళ్ల గోడు వినీ వినీ ఆయనకు పల్లె సంగతులన్నీ తెలిశాయి. మద్రాసులో వెలువడే హిందూ పత్రికకు ఆయన ఇక్కడి విలేకరిగా కూడా ఉన్నాడు. గుత్తి పీపుల్స్ అసోసియేషన్ అనే సంఘానికి కార్యదర్శిగా పని చేశాడు. అప్పట్లో ఇలాంటి సంఘాల పని ప్రధానంగా అర్జీలు రాయడం. జెండాలు లేవు, ఊరేగింపులు లేవు. కానీ ఒక చిన్న తాలూకా ఊరి నుంచి మద్రాసు లాటుకు బాధలు రాసి పంపడం ఆ రోజుల్లో తక్కువ ధైర్యం కాదు.

1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు మొదటి మహాసభ జరిగింది. దేశం మొత్తం మీద వచ్చిన ప్రతినిధులు 72 మంది. అందులో గుత్తి నుంచి పోయిన కేశవపిళ్లె ఒకడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. ఆ సభ శాసనమండళ్లలో ఎన్నికైన సభ్యుల్ని చెప్పుకోదగ్గ సంఖ్యలో చేర్చాలని తీర్మానించింది. మంచిదే. కానీ ఆ తీర్మానాల్లో పాలేరు మాట లేదు, కూలి మాట లేదు. వచ్చినవాళ్లు ఎక్కువమంది వకీళ్లు, పత్రికలవాళ్లు, వ్యాపారులు. తమ వాళ్లకు ఓటు కావాలని అడిగారు. మన వాళ్లకు కావాలని అడగడానికి అక్కడ మన వాళ్లెవరూ లేరు.

నిచ్చెన మీద ఓటు

పల్లెటూళ్ల ఓటు ఎక్కడ మొదలైందో ఇప్పుడు చూద్దాం. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాన్నిబట్టి మద్రాసు ప్రభుత్వం 1884లో లోకల్ బోర్డుల చట్టం తెచ్చింది. జిల్లాకు ఒక డిస్ట్రిక్టు బోర్డు, దాని కింద తాలూకా బోర్డులు, కొన్ని ఊళ్లు కలిపి యూనియన్లు. రోడ్లు, బడులు, ఆసుపత్రులు వీటి పని. ఖర్చుకు డబ్బు ఎక్కడిది? శిస్తు మీద సెస్సు. రైతు సెస్సు కడతాడు, బోర్డు రోడ్డు వేస్తుంది, ఆ రోడ్డుకు కంకర కొట్టేది కూలీ.

మరి బోర్డులో ఎవరు కూర్చున్నారు? డిస్ట్రిక్టు బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. సభ్యుల్లో చాలామంది సర్కారు నామినేషను మీద వచ్చినవాళ్లు. ఎన్నిక ఉన్న చోట కూడా పన్ను కట్టేవాడికే ఓటు. తాలూకా బోర్డువాళ్లు తమలో కొందరిని జిల్లా బోర్డుకు పంపుతారు. 1892 చట్టం వచ్చాక జిల్లా బోర్డులు గుంపులుగా చేరి మద్రాసు శాసనమండలికి ఒకరి పేరు సిఫారసు చేయొచ్చు. అది కూడా సిఫారసే, ఆమోదించేది గవర్నరు. 1909 చట్టంతో అది ఎన్నిక అనిపించుకుంది.

అంటే పల్లె నుంచి మద్రాసు దాకా ఒక నిచ్చెన వేశారు. ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో జల్లెడ పెట్టారు. కింద లక్షలమంది, పైకి చేరేది ఒక్కడు. ఆ జల్లెళ్లలో ముందే రాలిపోయింది భూమి లేనివాడు.

ఆ నిచ్చెన ఎక్కి పైకి పోయినవాడు కేశవపిళ్లె. 1909లో మద్రాసు శాసనమండలిలో చేరి 1920 దాకా కొనసాగాడు. ఆయన అక్కడ ఏం చేశాడో చూసేముందు, గుత్తి తాలూకాలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. అది తెలిస్తేనే ఆయన మనసు తెలుస్తుంది.

గేటుకాడి హంపన్న

1893 అక్టోబరు. గుంతకల్లు దగ్గర తెల్ల సోల్జర్లు దిగి ఉన్నారు. దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ల వెంట పడ్డారు. వాళ్లు పరుగెత్తి రైలు గేటు దగ్గర గుడిసెలోకి దూరారు. గేటుకాపరి హంపన్న వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన చేతిలో తుపాకి లేదు, వెనక అధికారం లేదు. నెలజీతం మీద గేటు తీసి వేసే మనిషి. సోల్జరు తుపాకి పేల్చాడు. హంపన్న ఆ గాయంతో చనిపోయాడు.

కేసు మద్రాసు హైకోర్టుకు పోయింది. నిందితుడైన సోల్జరు నిర్దోషి అని తేల్చి వదిలేశారు. అప్పటి కోర్టుల్లో తెల్లవాడికి ఒక న్యాయం, నల్లవాడికి ఒక న్యాయం అని దేశమంతా అనుకుంది. కేశవపిళ్లె ఊరుకోలేదు. ఈ సంగతి మరుగున పడకుండా పత్రికలకు ఎక్కించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. హంపన్న పేరు మీద చందాలు పోగు చేసి స్మారక శిల నిలబెట్టారు. ఆ పనికి ముందు నడిచిందీ ఆయనే.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. గుత్తి కోట కింద మన్రో దొరను మొదట పూడ్చిన చోటు ఉంది. 1827లో పత్తికొండలో కలరాతో పోతే ఇక్కడికి తెచ్చి పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. మన్రో పేరు బడి పుస్తకాల్లో ఉంది. ఇద్దరు ఆడకూతుళ్ల మానం కాపాడటానికి ప్రాణమిచ్చిన గేటుకాపరి పేరు ఎంతమందికి తెలుసు? ఆ మాత్రమైనా తెలిసిందంటే ఒక ప్లీడరు పట్టుబట్టడం వల్లనే. ఆ రుణం ఒప్పుకోవాలి.

అడవి మీద తాళం

జిల్లా పుట్టిన 1882లోనే మద్రాసు అటవీ చట్టం కూడా పుట్టింది. మన గుట్టల మీద ఏముంది? ముళ్లచెట్టు, బోడి రాయి, వాన పడితే నాలుగు గడ్డి పరకలు. కానీ మెట్టసేద్యగాడికి అదే ప్రాణం. మడకకు కొయ్య అక్కడిదే, మడికి ఆకు ఎరువు అక్కడిదే, పొయ్యిలో పుల్ల అక్కడిదే, జీవాలకు మేత అక్కడిదే. కరువొస్తే తినే గడ్డలూ కాయలూ అక్కడివే. చట్టం వచ్చాక గుట్టలకు రిజర్వు అని హద్దురాళ్లు పాతారు. పుల్లకు పర్మిట్టు, మేతకు పుల్లరి. హద్దు దాటితే జీవాలను బందెలదొడ్డికి తోలేవాళ్లు. ఫారెస్టు గార్డుకు ముట్టజెప్పక తప్పని రోజులు.

ఇందులో ఎక్కువ నలిగిందెవరు? పట్టా ఉన్న రైతుకు గట్టు మీద ఒక చెట్టయినా ఉంటుంది. పట్టా లేనివాడికి గుట్టే చెట్టు, గుట్టే గట్టు. మోపు కట్టెలు అమ్మి గింజలు కొనుక్కునే ఆడమనిషికి అటవీ చట్టం కడుపు మీద కొట్టిన దెబ్బ.

కేశవపిళ్లె శాసనమండలిలో ఈ అడవి బాధల్ని గట్టిగా ఎత్తాడు. అప్పటి మండలిలో సభ్యుడి చేతిలో ఉన్నదేమిటి? ప్రశ్న వేయడం, తీర్మానం పెట్టడం. ఓటుకు పెడితే సర్కారు వైపే ఎక్కువ చేతులు. అయినా పదే పదే అడగడం వల్ల, పల్లెల్లో అలజడి వల్ల సర్కారు కదలక తప్పలేదు. 1913లో అటవీ కమిటీ నివేదిక వచ్చింది. పల్లెవాళ్లకు అవసరమైన అడవిని ఊరి పంచాయతీల చేతికి అప్పగించే పద్ధతి దాని తర్వాతే మద్రాసు రాష్ట్రంలో మొదలైంది.

పూర్తి న్యాయం జరిగిందా? జరగలేదు. ఊరి పంచాయతీ అంటే ఊరి పెద్దలే గదా. రెడ్డి, కరణం, నాలుగు పెద్దిండ్లు. గార్డు చేతిలో ఉన్న తాళం చెవి పెద్దమనిషి చేతికి వచ్చింది. గొర్లకాపరికి కొంత ఊపిరి ఆడింది, మాల మాదిగ వాడలకు మాత్రం మళ్లీ అడుక్కునే పనే. తాళం మారితే చాలదు, తాళం ఎవరి చేతిలో ఉందో చూడాలి.

పది రూపాయల శిస్తు

1918 ఏప్రిల్‌లో మద్రాసులో మిల్లు కార్మికులు లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. దేశంలో పద్ధతి ప్రకారం నడిచిన తొలి కార్మిక సంఘాల్లో అది ఒకటి. బి.పి. వాడియా అధ్యక్షుడు. కేశవపిళ్లె కూడా ఆ సంఘానికి అండగా నిలిచిన పెద్దల్లో ఒకడు. అంతకు ఏడాది ముందు, 1917లో, కాంగ్రెసులోని బ్రాహ్మణేతరులు మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెడితే దానికి అధ్యక్షుడయ్యాడు.

1919 చట్టంతో ఓటు కొంచెం కిందికి దిగింది. బోర్డుల మెట్లు తీసేసి, జిల్లా మొత్తం ఒక గ్రామీణ నియోజకవర్గంగా నేరుగా శాసనమండలికి ఎన్నుకునే ఏర్పాటు వచ్చింది. 1882లో కలెక్టరు కచేరీ కోసం గీసిన గీత ఇప్పుడు ఓటు గీత అయింది. అయితే పల్లెల్లో ఓటు కావాలంటే దాదాపుగా ఏడాదికి పది రూపాయల శిస్తు విలువ చేసే భూమి ఉండాలి. 1920 ఎన్నికల్లో నాలుగు కోట్ల పైచిలుకు జనం ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఓటున్నవాళ్లు పన్నెండు లక్షల పైచిలుకు. అంటే నూటికి ముగ్గురు. అందులోనూ ఓటు వేసింది నలుగురిలో ఒకరు.

మన మెట్టలో భూమి ఎకరాల లెక్కన ఉన్నా శిస్తు తక్కువ. కాబట్టి నాలుగెకరాల మెట్ట ఉన్న పేదరైతు కూడా ఓటరు కాలేదు. కూలీ సంగతి చెప్పనే అక్కరలేదు. అంటరాని కులాలకు ఎన్నుకునే దారి లేదు, వాళ్ల తరఫున అయిదుగురిని గవర్నరే నామినేటు చేశాడు. 1921లో ఆడవాళ్లకు ఓటివ్వాలని మద్రాసు మండలి తీర్మానించింది. గొప్ప సంగతే. కానీ భూమి షరతు అలాగే ఉంది. కూలికి పోయే ఆడమనిషి పేరు జాబితాకు ఎక్కలేదు.

గాంధీ పిలుపు మీద కాంగ్రెసు ఆ ఎన్నికల్ని బహిష్కరించింది. మొదటి మహాసభలో కూర్చున్న కేశవపిళ్లె మాత్రం ఆ దారిన పోలేదు. మండలిలోకి పోయి డిప్యూటీ ప్రెసిడెంటు అయ్యాడు. జనం వీధిలోకి వస్తుంటే ఆయన సభలోపల ఉండిపోయాడు. అర్జీ మీద, వాదన మీద ఆయనకున్న నమ్మకం చివరిదాకా పోలేదు. అది ఆయన తరం నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ పనికొచ్చిందో అక్కడ పనికొచ్చింది. ఎక్కడ చాలలేదో అక్కడ చాలలేదు. ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు, దూషించనక్కరలేదు.

సముద్రం అవతల కూలిగుడిసెలు

1922లో ఆయన జీవితంలో మరొక ఘట్టం. దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో చెరుకు తోటలకు మళ్లీ మన దేశం నుంచి కూలీలు కావాలని అక్కడి దొరలు అడిగారు. ఒప్పంద కూలీ పద్ధతిని అప్పటికే జనం ఒత్తిడి మీద ఆపేశారు. అక్కడి పరిస్థితి చూసి రమ్మని భారత ప్రభుత్వం ముగ్గురిని పంపింది. వాళ్లు కేశవపిళ్లె, వి.ఎన్. తివారీ, కీటింగ్ అనే తెల్లదొర. మద్రాసు రేవు నుంచి పోయిన కుటుంబాలవాళ్లు కూడా ఆ తోటల్లో ఉన్నారు.

తిరిగొచ్చాక కీటింగ్ తన నివేదిక విడిగా ఇచ్చాడు. కేశవపిళ్లె, తివారీ కలిసి మరొకటి రాశారు. తోటకూలీలు ఉండే కొట్టాల వరసలు ఎంత హీనంగా ఉన్నాయో, తాగే నీళ్లు ఎలాంటివో, కూలి ఎంత తక్కువో అందులో దాచకుండా చెప్పారు. కరువు నేల నుంచి పోయిన ప్లీడరుకు ఆ గుడిసెలు కొత్త కావు. కూలీ ఎక్కడున్నా గుడిసె ఒకటే.

చివరి లెక్క

కేశవపిళ్లె 1933లో చనిపోయాడు. 1937 ఎన్నికలకు ఓటర్ల సంఖ్య మరికొంత పెరిగింది. కానీ వయసొచ్చిన ప్రతి మనిషికీ, పట్టా ఉన్నా లేకున్నా, కులమేదైనా, ఆడయినా మొగయినా ఓటు వచ్చింది రాజ్యాంగంతోనే. మన జిల్లా కూలీలు ఆ ఓటు మొదటిసారి వేసింది 1952 సార్వత్రిక ఎన్నికల్లో. మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి అప్పుడు గెలిచింది కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఓడింది ఆయన సొంత బావ, తర్వాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి. ఎంత పెద్ద ఇల్లయినా కూలీ ఓటు ముందు తలవంచక తప్పదని మొదటిసారే తేలింది.

జిల్లా పుట్టిన 1882 నుంచి 1952 దాకా డెబ్బై ఏండ్లు. ఆ డెబ్బై ఏండ్లూ మన తరఫున ఎవరో మాట్లాడారు. కేశవపిళ్లె లాంటివాళ్లు నిజాయితీగా మాట్లాడారు, చాలామంది మాట్లాడనే లేదు. నిజాయితీపరుడు మాట్లాడినా దక్కింది అడవిలో కొంత మేత, ఒక గేటుకాపరికి ఒక శిల. కూలి రేటు పెరగలేదు, భూమి చేతులు మారలేదు. ఆయన మంచితనం చాలక కాదు. ఆయనను అక్కడికి పంపినవాళ్లలో మనం లేకపోవడం వల్ల.

2022లో మన జిల్లా మళ్లీ రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. 1882లో లాగే గీత గీశారు, కచేరీలు మారాయి. కానీ ఇప్పుడు ఆ గీతకు రెండు వైపులా మన చేతిలో ఓటుంది. ఒకప్పుడు పౌను గింజలకు రాళ్లు కొట్టిన ఈ నేల మీదనే, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. కరువు పని దొర పెట్టే భిక్ష కాదు, కూలీ హక్కు అని చట్టంలో రాయించడానికి నూట ముప్ఫై ఏండ్లు పట్టింది. అది ఏ ఒక్క ప్లీడరు అర్జీతోనో రాలేదు. ఓటూ సంఘమూ కలిసి నిలబడితే వచ్చింది.

ఈసారి వాడలోకి జీపు వచ్చినప్పుడు, దండం పెట్టినవాణ్ణి రెండు సంగతులు అడుగుదాం. గుట్ట మీద తాళం ఎవరి చేతిలో ఉంది? పనికి కూలి ఎంత ఇప్పిస్తావు? కేశవపిళ్లె మన కోసం అడిగిన ప్రశ్నలు కూడా ఇలాంటివే. ఇప్పుడు అడగాల్సింది మనమే.